సియాటిల్ నీళ్లలో పాత క్రూయిజర్ కొనేవారికి

సియాటిల్‌కు దగ్గరలో ఉన్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ ఊళ్లలో పెద్ద సంఖ్యలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఉద్యోగంలో కుదురుకున్నాక వారిలో కొందరి మనసు క్యాబిన్ క్రూయిజర్ మీదికి, అంటే పడుకోవడానికి చోటు, చిన్న వంటగది, మరుగుదొడ్డి ఉన్న మోటారు పడవ మీదికి పోతుంది. కొత్తది చాలామందికి అందని ధర కాబట్టి ఇరవై, ముప్ఫై ఏళ్ల పాత పడవనే వెతుకుతారు. అయితే ముందు పడవ కొని, తర్వాత దాన్ని నడిపేవాళ్ల స్నేహం వెతుక్కోవడం ఎక్కువమంది చేసే పని. ఈ వరస తిరగబడాలని నా గట్టి అభిప్రాయం. ముందు మనుషులు, తర్వాతే పడవ.

మనుషుల్ని కలుసుకునే దారిని చట్టమే చూపిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 15 హార్స్‌పవర్, ఆపైన మోటారున్న పడవను నడపాలంటే, 1955 జనవరి 1 తర్వాత పుట్టినవారికి బోటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి. దానికి రాయవలసిన పరీక్షను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ముగించవచ్చు గాని, అమెరికాస్ బోటింగ్ క్లబ్ వాళ్లో, తీర రక్షక దళమైన కోస్ట్ గార్డ్‌కు తోడ్పడే స్వచ్ఛంద సంస్థ ఆక్సిలరీ వాళ్లో నడిపే తరగతికి స్వయంగా వెళ్లడం ఎంతో మేలు. అక్కడ పాఠం చెప్పేవారు ఏళ్ల తరబడి ఈ నీళ్లలో తిరిగిన స్వచ్ఛంద సేవకులు. ఏ మెకానిక్ నమ్మదగినవాడు, పడవలు కట్టి ఉంచే ఏ మెరీనాలో అలల తాకిడి ఎక్కువ అన్న సంగతులు వారి నోటనే వినాలి. మీకు పడవ కొనే ఆలోచన ఉందని వారికి చెప్పి ఉంచితే, తమ పడవ మీదికి ఒక రోజు రమ్మని పిలిచేవారు కూడా దొరుకుతారు.

పడవ ఎంపికలో మొదట అడగవలసింది అది ఇన్నాళ్లూ ఏ నీళ్లలో ఉందన్నది. లేక్ యూనియన్, లేక్ వాషింగ్టన్‌లవి మంచినీళ్లు. సముద్రపు పాయ అయిన ప్యూజెట్ సౌండ్‌ది ఉప్పునీరు. ఇంజిన్‌ను ఉప్పునీటితోనే చల్లబరిచే పడవల్లో ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, రైజర్లు లోపలి నుంచి తుప్పు పట్టిపోతాయి. వాటిని చివరిసారి ఎప్పుడు మార్చారో రసీదు చూపమనండి. చూపలేకపోతే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమనండి. స్టెర్న్‌డ్రైవ్ ఉన్న పడవల్లో, అంటే ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ భాగం వెనుక బయట ఉండేవాటిలో, ఆ రెంటి మధ్య నీరు లోపలికి రాకుండా ఆపే రబ్బరు తొడుగు, బెల్లోస్ కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే అది చిరిగితే కట్టి ఉన్న చోటే పడవ మునిగిపోగలదు. బేలైనర్ పడవలు సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న ఆర్లింగ్టన్‌లో తయారయ్యేవి కాబట్టి ఇక్కడ పాతవి విరివిగా దొరుకుతాయి, వాటి గుట్టుమట్లు తెలిసినవారూ ఉంటారు.

పడవ నచ్చితే, నిపుణుడు పడవను పరీక్షించే సర్వే, నీళ్ల మీద నడిపి చూసే సీ ట్రయల్ సంతృప్తికరంగా ఉంటేనే కొంటానన్న షరతును రాతపూర్వకంగా పెట్టి బయానా ఇవ్వండి. సర్వేయర్‌ను మీరే ఎంచుకోండి, మీరే డబ్బు చెల్లించండి. అమ్మేవారి బ్రోకర్ సూచించిన మనిషిని మాత్రం పెట్టుకోవద్దు. సామ్స్, నామ్స్ అనే సర్వేయర్ల వృత్తి సంఘాల గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. పడవను క్రేన్‌తో నీళ్ల నుంచి పైకెత్తించిన రోజు మీరు తప్పక అక్కడ ఉండాలి. సర్వేయర్ చిన్న సుత్తితో డెక్ మీద, అడుగుభాగం మీద అంగుళం అంగుళం కొడుతూ పోతాడు. గట్టి చోట ఖణేలుమని శబ్దం వస్తుంది. ఫైబర్‌గ్లాస్ కింద చెక్క కుళ్లిన చోట అదే దెబ్బ మొద్దుగా, చప్పగా వినిపిస్తుంది. కిటికీల అంచులు, రెయిలింగ్ బోల్టుల చుట్టూ ఆ మొద్దు శబ్దం ఎంత మేర పాకిందో చెవి పెట్టి వినండి, ఎందుకంటే పాత క్రూయిజర్ అసలు వయసు అక్కడే బయటపడుతుంది. ఇంజిన్ పరీక్షకు వేరే మెకానిక్ కావాలి. మీరు వచ్చేవరకు ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి, వెళ్లగానే దాని మీద చెయ్యి వేసి చూడండి. అది వెచ్చగా ఉంటే, చల్లని ఇంజిన్ ఎంత కష్టంగా స్టార్ట్ అవుతుందో మీకు తెలియకుండా చేశారేమోనని అనుమానించవలసిందే.

కాగితాల్లో, పడవ వెనుక కుడివైపు పైభాగాన ఉండే పన్నెండు అక్షరాలు, అంకెల హల్ నంబరు (పడవ గుర్తింపు సంఖ్య), యాజమాన్య పత్రమైన టైటిల్‌లోని నంబరు ఒకటేనా అన్నది సరిచూసుకోవాలి. పడవ మీద అప్పు బకాయి లేదని రుజువు తీసుకోవాలి. కోస్ట్ గార్డ్ వద్ద పడవను డాక్యుమెంట్ చేయించే, అంటే కేంద్ర ప్రభుత్వ రికార్డుల్లో నమోదు చేయించే హక్కు అమెరికా పౌరులకే ఉంది కాబట్టి, హెచ్‌1బీ, గ్రీన్ కార్డు మీద ఉన్నవారు రాష్ట్రం టైటిల్, రిజిస్ట్రేషన్‌తోనే సాగాలి. కొన్నప్పటి పన్ను కాక, పడవ విలువ మీద ఏటా 0.5 శాతం ఎక్సైజ్ పన్ను కూడా ఉంటుంది. మెరీనాలో పడవ కట్టుకునే చోటు, అంటే స్లిప్, ముందే ఖాయం చేసుకోండి. పెద్ద పడవలకు వెయిటింగ్ లిస్టులు మామూలే, పైగా బీమా లేనిదే మెరీనాలు చేర్చుకోవు.

సరస్సుల నుంచి సముద్రంలోకి పోవాలంటే 1917లో ప్రారంభమైన బాలర్డ్ లాక్స్ దాటాలి. ఇవి నీటి మట్టాన్ని పెంచి, దించి పడవలను దాటించే తలుపుల గదులు. సరస్సు నీళ్లను సముద్ర మట్టానికి 20 నుంచి 22 అడుగుల ఎత్తున ఉంచుతారు. పెద్ద లాక్‌లో ముందుకొకటి, వెనక్కొకటి చొప్పున, చివర ఉచ్చు ఉన్న 50 అడుగుల తాళ్లు, రెండు పక్కలా గోడ తాకిడిని ఆపే మెత్తని ఫెండర్లు సిద్ధంగా ఉండాలి. నీరు దిగుతున్న కొద్దీ తాడును వదులుతూ పోవాలి. దాన్ని ముడి వేసి మరిచిపోతే పడవ గోడకు వేలాడుతుంది. మొదటిసారి డాక్ మీది పొరుగువారిని ఒకరిని తోడు రమ్మనండి. ఇక్కడ ఆ సాయం అడగడాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. మీరూ రేపు మరొకరి తాడు అందుకుంటారు. మే మొదటి శనివారం మాంట్‌లేక్ కట్ అనే కాలువలో జరిగే ఓపెనింగ్ డే పడవల ఊరేగింపు నాడు ఇలాంటి పరిచయాలు మరింత సులువుగా కలుస్తాయి. ఆక్సిలరీ వాళ్లు ఉచితంగా చేసే భద్రతా తనిఖీ కూడా చేయించుకోండి. లోపాలు కనబడినా జరిమానా వేయరు, సరిదిద్దుకోమని చెబుతారు.

పెట్రోలు ఇంజిన్ అయితే స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్‌ను, అంటే బ్లోయర్‌ను, నాలుగు నిమిషాలు నడపడం ఏనాడూ మానవద్దు. డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధిలో ప్రవాహం ఎనిమిది నాట్ల (గంటకు సుమారు 15 కిలోమీటర్ల) దాకా పోతుంది కాబట్టి ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీరు నిలకడగా ఉన్న వేళకే అక్కడికి చేరాలి. 2025 జనవరి నుంచి, ఈ జలాల్లోనే కాపురముండే సదరన్ రెసిడెంట్ ఓర్కా తిమింగలాలకు వెయ్యి గజాల దూరంలో ఉండాలన్నది చట్టం.

హారో జలసంధి దాటితే కెనడా. హెచ్‌1బీ మీద ఉన్న భారత పౌరులు కెనడా వీసా, తిరిగి రావడానికి కావలసిన పత్రాలు లేకుండా అటు పోరాదు. ఇవతలే ఉన్న సాన్ హువాన్ దీవులకు ఆ బెడద లేదు. సూసియా, జోన్స్, స్టువర్ట్ దీవుల మెరైన్ పార్కుల్లో పడవ కట్టుకోవడానికి నీటిపై తేలే బోయాలు ఉన్నాయి. వేసవి శనివారాల్లో అవి త్వరగా నిండిపోతాయి గనుక పొద్దున్నే చేరుకోండి, లంగరు కూడా సిద్ధంగా ఉంచుకోండి.