ఊళ్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తెర వెనుక పనులు ఎలా చేయాలి?

ఆదివారం మూడింటికి మ్యాచ్ అంటే చూసేవాళ్లకి మూడింటికే మొదలు, మనకి మాత్రం శుక్రవారం సాయంత్రమే మొదలైపోతుంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా క్లబ్బులో జీతం తీసుకునేవాడు ఒక్కడూ లేడు. బూట్లు వేసుకుని ఆడకుండా పనులు చూసుకునేవాళ్లం ఆరేడుగురం ఉంటాం. పాతపట్నం నుంచి ఒక జట్టు, కొండ మీద నుంచి సవర కుర్రాళ్ల జట్టు దిగాయంటే ఆ రోజు భారమంతా మా మీదే. తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతి ఇది, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఒక నోటు పుస్తకం కొనండి. ఒక్కో పనికి ఎదురుగా ఒక్కటే పేరు రాయండి. "అందరం చూసుకుందాంలే" అన్నారంటే ఎవరూ చూడరని అర్థం. సామాన్ల గదికి రెండో తాళం చెవి చేయించండి. ఒకసారి మావాడు ఆ చెవి జేబులో పెట్టుకుని పలాసలో పెళ్లికి వెళ్లిపోయాడు, ఆ రోజు నెట్లు లేకుండానే ఆడాల్సి వచ్చింది. బంతి గోల్ కర్ర లోపలి నుంచి పోయిందా బయటి నుంచి పోయిందా అని రెండుసార్లు గొడవ.

తర్వాత గీతలు. అసలు కష్టం ఇక్కడే, తొందరపడకండి. పొడవు 100 మీటర్లు, వెడల్పు 64 ఉంటే ఏ జట్టూ పేచీ పెట్టదు, స్థలం చాలకపోతే పొడవు 90 వరకు, వెడల్పు 45 వరకు తగ్గించుకోవచ్చు. తాపీ మేస్త్రి దగ్గర టేపు అరువు తెచ్చుకోండి. నైలాన్ తాడుతో మాత్రం కొలవకండి, అది సాగుతుంది. ఒక ఏడాది మేం అలాగే కొలిచి గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ ఒక పక్క అరమీటరు ఎక్కువ గీసేస్తే, పాతపట్నం గోల్‌కీపర్ వచ్చి "ఏటన్నా, మీ బాక్స్‌కి బొజ్జ వచ్చింది" అన్నాడు.

మూల సరిగ్గా రావాలంటే ఒక మేకు పాతి, అక్కడి నుంచి ఒక వైపు 6 మీటర్లు, రెండో వైపు 8 మీటర్లు కొలవండి, ఆ రెండు చివర్ల మధ్య దూరం కచ్చితంగా 10 రావాలి. నాలుగు మూలలూ అయ్యాక ఐమూలగా రెండు వైపులా కొలిచి చూడండి. 100 కి 64 గ్రౌండ్ అయితే రెండూ 118 మీటర్ల 73 సెంటీమీటర్లు ఉండాలి. రెండు కొలతలూ తేడాగా వస్తే ఎక్కడో మూల వాలిపోయిందన్నమాట, మళ్లీ చూడాల్సిందే.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ఒక్కో కర్ర లోపలి అంచు నుంచి పక్కకి 16.5, గ్రౌండ్ లోపలికి 16.5 కొలిస్తే పెనాల్టీ బాక్స్ వచ్చేస్తుంది, వెడల్పు మొత్తం 40.32. పెనాల్టీ చుక్క గోల్ గీత మధ్య నుంచి 11 మీటర్ల దగ్గర. బాక్స్ బయట ఉండే వంపుని చాలామంది కంటి అంచనాతో గీసేస్తారు, అది పెనాల్టీ చుక్క దగ్గర మేకు పెట్టి 9.15 మీటర్ల పురికొసతో తిప్పాల్సిన గీత. మధ్యలో వలయానికీ అదే కొలత, అదే పురికొస. దించిన మేకులు ఎన్నో పుస్తకంలో రాసుకోండి.

గీతలకి సున్నం వద్దు, తడి తగిలితే చర్మం, కళ్లు కాలతాయి, పడిపోయేవాడి మోకాలికి అంటుకునేది అదే కదా. రాతి ముగ్గు పిండి చాలు. పాత పాల పౌడర్ డబ్బా అడుగున చిల్లులు పొడిచి, కట్టిన పురికొస పక్కన తడుతూ నడవండి. గీత మందం 12 సెంటీమీటర్లు దాటకూడదు. రాత్రి వాన పడితే పొద్దున మళ్లీ మొదటికే, కాబట్టి రెండో బస్తా దాచి ఉంచండి.

బంతికి సూది గుచ్చేముందు తడి చేయండి, లేదంటే లోపలి వాల్వు పాడవుతుంది. లోపలి గాలి ఒత్తిడి గేజ్ మీద 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. గోల్ పోస్టులు నేలలో పాతినవి కాకపోతే వెనక ఇసుక బస్తాలు వేసి కట్టండి, పిల్లలు వేలాడకుండా మానరు.

దెబ్బల సంగతి. ఐస్‌ని గుడ్డలో చుట్టి పావుగంట పెట్టాలి. వాచిన మడమని మర్దనా చేసేస్తానని ముందుకొచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, బాబ్బాబు అని బతిమాలైనా దూరంగా కూర్చోబెట్టండి. తలకి దెబ్బ తగిలి తికమకగా మాట్లాడితే, వాంతి చేసుకుంటే, వాడెంత మంచి ఆటగాడైనా ఆ రోజుకి బయటే, నేరుగా ఆసుపత్రికి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. ఉరుము వినిపిస్తే ఆట ఆపి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే గ్రౌండ్‌లోకి పంపండి. చెట్టు కింద ఎవరినీ నిలబడనివ్వకండి.

మైక్‌లో తెలుగూ ఒడియా రెండూ వచ్చిన వాడిని కూర్చోబెట్టండి, సవర మాటలు నాలుగు వస్తే మరీ మంచిది, ఆ జట్టు మొహాలు చూడాలి అప్పుడు. చందాకి రసీదు ఇవ్వండి. ఆడినవాళ్లకి మురీ (మరమరాల) మిక్చర్ అందకముందే మన వాళ్లు పొట్లాలు విప్పేయకుండా చూసుకోండి.

కప్పు ఇచ్చాక అందరూ ఫొటోల్లో ఉంటారు. మీరు మేకులు తీయండి. పుస్తకంలో 14 అని ఉండి చేతిలో 13 ఉంటే టార్చ్ వేసి వెతకండి, పొద్దున ఆరింటికే అదే గ్రౌండ్‌లో పిల్లలు చెప్పుల్లేకుండా ఆడతారు.