పేపరు కప్పు మట్టిలో కలుస్తుందా? రెండు సీసాలతో చూపించండి

బడిలో ఈ ప్రయోగం దసరా సెలవులు కాగానే మొదలుపెడితే సంక్రాంతి సెలవుల లోపు ఫలితం కనబడుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు కూడా అప్పుడే. ఎండాకాలం పెట్టుకుంటే సీసాలో మట్టి ఊరికే ఎండిపోతుంది, ఏదీ కుళ్లదు.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు తీసుకుని మెడ కింద కోయండి. కాల్చిన మేకుతో అడుగున ఐదారు చిల్లులు పెట్టాలి, ఈ పని టీచరుదే. ఒక్కో సీసాకు కిలోన్నర మట్టి, రెండు గుప్పిళ్లు మాగిన పేడ ఎరువు. రొయ్యల గుంటల గట్టు మట్టి తేవద్దు, ఉప్పుకు సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. సముద్రపు ఇసుకలో నీళ్లు నిలవవు. పొలం మట్టో, చెట్టు కింద మట్టో మేలు.

అరిటాకు, న్యూస్‌పేపరు, నూలు గుడ్డ, టీ పేపరు కప్పు, చిప్స్ కవరు: ఐదింటినీ 5 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, బయటికి కనబడేలా సీసా గోడకు ఆనించి మట్టి నింపండి. అన్నం, కూర ముక్కలు వేస్తే ఈగలు చేరతాయి. వెలుతురు తగిలితే గోడకు పాచి పడుతుంది, అందుకే చుట్టూ నల్ల కాగితం చుట్టి, చూసేటప్పుడే తీయాలి.

ఒక సీసాకే నీళ్లు. రెండోదాంట్లో మట్టి, ఎరువు మూడు రోజులు ఎండబెట్టి పోస్తారు, తేడా తేమ వల్లేనని తేలడానికి. గుప్పిట్లో పిసికితే తడిమట్టి ముద్ద కట్టాలి, నీరు ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందంటే నీళ్లెక్కువై లోపల గాలి ఆడట్లేదు: పుల్లతో గుల్ల చేసి వారం నీళ్లు మానండి. చీమలు ఎక్కకుండా పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక ముక్క మీద సీసా పెట్టండి. ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చకపోతే దోమలు తయారవుతాయి.

వంటింటి కాటా ఇంత చిన్న ముక్కల తేడా పట్టదు. సెంటీమీటరు గళ్లు గీసిన పారదర్శక షీటు సీసాకు ఆనించి, పాతిక గళ్లలో ఎన్ని చిరిగాయో రెండు వారాలకోసారి లెక్కేయించండి. ముందు పోయేది అరిటాకే. కవరు మీద అచ్చేసిన అక్షరాలు కూడా అలాగే ఉంటాయి. అసలు పాఠం కప్పుది. కాగితం మెత్తబడి పోయినా లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర మిగులుతుంది. నమ్మని పిల్లల చేత ఇంకో కప్పును గంటసేపు వేడి నీళ్లలో నానబెట్టించి, వేలితో రుద్దించండి.

తర్వాత లెక్కల పీరియడ్. పిల్లలు తెచ్చుకునే చిరుతిళ్ల ఖాళీ కవర్లు పోగేయించండి. గ్రాము తిండికి ఎంత కవరు పట్టిందో తేలాలంటే, ఒక్కో కవరు విప్పి పరిచి, వైశాల్యాన్ని దాని మీద అచ్చేసిన నికర బరువుతో భాగించాలి. 20 x 15 సెంటీమీటర్ల కవరులో 15 గ్రాములుంటే గ్రాముకు 20 చదరపు సెంటీమీటర్లు. అదే రకం పెద్ద ప్యాకెట్‌తోనే పోల్చండి, రకం మారితే లోపలి గాలి లెక్క తప్పిస్తుంది. స్టీలు డబ్బాలో బొరుగులు తెచ్చుకున్న పిల్ల లెక్క సున్నా. మొదటి వారం కవర్లు ఎందుకు పోగేస్తున్నారో చెప్పకండి. తెలిస్తే సగం మంది గేటు బయటే పారేసి వస్తారు.