కొత్త రౌటర్ పెట్టినా 93 దాటని వైఫై: నా అనుభవం

మాది ఒంగోలు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, వైఫై 6 రౌటర్ కొని, 5 గిగాహెర్ట్జ్‌కి (వేగం ఎక్కువుండే వైఫై బ్యాండ్) కలిపినా స్పీడ్ టెస్ట్ 92, 93 దగ్గరే ఆగిపోయేది. రౌటర్ పక్కనే కూర్చున్నా అంతే. కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందన్నారు.

రెండు రోజులు వైఫై చానెళ్లు (సిగ్నల్ నడిచే దారులు) మార్చుకుంటూ కూర్చున్నాక తట్టింది, సిగ్నల్ సమస్యయితే దూరాన్ని బట్టి అంకె మారాలి కదా, ఇది కదలడం లేదంటే ఎక్కడో వైరు దగ్గరే ఆగుతోందని. రౌటర్ సెట్టింగ్స్‌లో వాన్ పోర్ట్ (బయటి నుంచి నెట్ వచ్చే కేబుల్ గుచ్చే చోటు) వేగం చూస్తే 1000 ఉండాల్సిన చోట 100 ఉంది! ఫైబర్ బాక్స్ నుంచి రౌటర్‌కి వచ్చే కేబుల్ తలుపు సందులో నలిగిపోయింది. అందులో 8 తీగలుంటాయి, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. అందుకే నెట్ ఆగిపోలేదు, నాకు అనుమానమూ రాలేదు. క్యాట్ 6 రకం కొత్త కేబుల్ పెట్టగానే 280 వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

వెనక గదిలో మా చెల్లి ఆఫీసు పని చేసుకుంటుంది, అక్కడ మాత్రం ఇంకా 40కి మించలేదు. పాత ఇల్లు, గోడలు మందం, పైగా రౌటర్ ఇనప బీరువా వెనకే ఉంది. రౌటర్‌ని హాల్లో ఎత్తుగా పెట్టి, 5 గిగాహెర్ట్జ్‌కే కలిసేలా దానికి వేరే పేరు ఇచ్చి, చానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ నుంచి 80కి తగ్గించాను. వెడల్పు పెరిగేకొద్దీ దూరంలో సిగ్నల్ తట్టుకోలేదు. ఇప్పుడు చెల్లి గదిలో 150 వస్తోంది.