పెట్రోల్ బ్లోయర్ పట్టుకునే ముందు

ఆకులు ఊదే మిషన్‌తో నేను చేసిన పెద్ద పొరపాటు, అది నడుస్తున్నప్పుడు జరగలేదు, ఆపేశాక జరిగింది. గంటసేపు ఊది, ఎండాకులన్నీ గోడ వారగా కుప్ప చేశాను. చేతులు లాగుతున్నాయని మిషన్‌ని ఆ కుప్ప అంచునే దించి మంచినీళ్ళకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆకు కాలిన వాసన. సైలెన్సర్‌కి ఆనుకున్న నాలుగైదు ఆకులు అంచుల్లో నల్లబడి సన్నగా పొగ లేస్తోంది. మిషన్‌ని లాగి గచ్చు మీద పెట్టి, ఆ ఆకుల్ని బూటుతో తొక్కేశాను. మంట అంటుకోలేదు. ట్యాంకులో ఇంకా పెట్రోల్ మిగిలే ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మొదలైంది వణుకు.

గాలే కదా ఊదేది, ఏం చేస్తుందిలే అనుకుంటాం. నిజానికి చేతిలో ఉన్నది ఒక చిన్న బండి ఇంజన్. పెట్రోల్, వేడి, పొగ, చప్పుడు అన్నీ ఒంటికి జానెడు దూరంలోనే ఉంటాయి. అందుకే నా జాగ్రత్తల్లో సగం ఊదడానికి ముందువీ, ఊదిన తర్వాతవీ.

ముందు పెట్రోల్ సంగతి. ఇలాంటి మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్‌వి. వాటిలో ఆయిల్‌కి వేరే గది ఉండదు, పెట్రోల్‌లోనే కలిపి పోయాలి. 50:1 అని రాసి ఉంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 40:1 అయితే 25. మీ మిషన్‌కి ఏది కావాలో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. కొన్ని ఫోర్ స్ట్రోక్ మిషన్లూ ఉన్నాయి, వాటికి ఆయిల్ విడిగా పోస్తారు, కలపకూడదు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ, స్పార్క్ ప్లగ్ నిండా మసి. నేను దగ్గు మందు సీసాతో వచ్చిన కొలత మూత వాడతాను. దాని మీద 10 మిల్లీలీటర్ల గీత ఉంది, 50:1కి అయితే లీటరుకి రెండు మూతలు. మళ్ళీ ఎవరూ మందు తాగడానికి వాడకుండా మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టి పెట్రోల్ క్యాన్‌కే కట్టేశాను.

కలపడం క్యాన్‌లోనే చేయాలి, ట్యాంకులో కాదు. పెట్రోల్ కోసం తయారైన క్యానే వాడండి, పాత నీళ్ళ సీసాలు వద్దు. క్యాన్‌ని కారు డిక్కీలో పెట్టి నింపకుండా నేల మీద పెట్టి నింపాలి, అలా చేస్తే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ భయం తగ్గుతుంది. నెలకి సరిపడా మాత్రమే కలుపుకోండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమ పీల్చుకుంటుంది, పాతబడితే కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది. స్టార్ట్ కాదని తిట్టుకునే మిషన్లలో చాలా వాటికి రోగం ఇదే.

పని మధ్యలో పెట్రోల్ అయిపోతే మాత్రం అసలు పరీక్ష మొదలవుతుంది. ఇంకా నాలుగు మూరల చోటు మిగిలి ఉంటుంది, చేయి క్యాన్ మీదికి పోతుంది. ఆగండి. ఇంజన్ ఆపి కనీసం 10 నిమిషాలు చల్లారనివ్వాలి. సైలెన్సర్ మీద పెట్రోల్ చుక్క పడితే అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. ట్యాంకు మూత మెల్లగా తిప్పండి, లోపలి ఒత్తిడి బుస్సుమని పోతుంది. అంచు దాకా నింపకండి. ఒలికింది గుడ్డతో తుడిచి, నింపిన చోటు నుంచి మూడు మీటర్లయినా జరిగి అప్పుడు స్టార్ట్ చేయండి. సిగరెట్ సంగతి వేరే చెప్పాలా?

ఒంటి మీదికి వస్తే, కళ్ళకు పక్కలు కూడా మూసి ఉండే అద్దాలు కావాలి. మామూలు చలవ కళ్ళద్దాలు చాలవు, ఇసుక పక్క నుంచి దూరుతుంది. నిండు ప్యాంటు, బూట్లు, దుమ్ముకి మాస్కు. చున్నీ, కండువా, వేలాడే తాడు, విరబోసిన జుట్టు ఏవీ ఉండకూడదు. మనం ముందు గొట్టం వైపే చూస్తుంటాం, మిషన్ వెనక నుంచి అంతే జోరుగా గాలిని లాక్కుంటుంది.

చెవుల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. పెట్రోల్ బ్లోయర్ నడిపేవాడి చెవి దగ్గర చప్పుడు 95 డెసిబెల్స్ దాటడం మామూలే. వృత్తి భద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటల దాకా ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. అలా చూస్తే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చెవిలో దూది పెట్టుకుంటే లాభం లేదు, ఇయర్‌ప్లగ్‌లు గానీ, చెవుల్ని కప్పేసే ఇయర్‌మఫ్‌లు గానీ ఉండాలి. పాటల ఇయర్‌ఫోన్లు దీనికి బదులు కావు.

స్టార్ట్ చేసే ముందు ఊదబోయే చోటంతా ఒకసారి నడిచి రండి. గులకరాళ్ళు, తీగ ముక్కలు, గాజు పెంకులు, పిల్లల బొమ్మలు ఏరేయండి. గొట్టం మూతి దగ్గర గాలి గంటకి 200 కిలోమీటర్ల పైమాటే, దానికి చిక్కిన గులకరాయి వడిసెల రాయే. దగ్గరి కిటికీలు మూయించండి. మనుషులూ జంతువులూ 15 మీటర్ల లోపల ఉండకూడదు. ఎవరైనా అటుగా వస్తుంటే చేయి ఊపడం కాదు, రేస్ తగ్గించి మూతి నేలకి దించండి, వాళ్ళు దాటిపోయాక మొదలుపెట్టండి.

చేతి మిషన్‌ని స్టార్ట్ చేసేటప్పుడు చదునైన నేల మీద పెట్టి ఒక చేత్తో గట్టిగా అదిమి పట్టండి. గొట్టం ఖాళీ వైపు చూస్తుండాలి. పెట్రోల్‌ని కార్బురేటర్‌లోకి లాగే రబ్బరు బుడ్డని (ప్రైమర్) ఆరేడుసార్లు నొక్కి, చోక్ వేసి, తాడుని ముందు మెల్లగా, బిగుసుకున్నట్టు తగిలేదాకా లాగండి. అక్కడి నుంచి ఒక్క ఊపు. తాడుని చేతికి చుట్టుకోవద్దు, లాగాక వదిలేయకుండా చేత్తోనే వెనక్కి పోనివ్వండి. ఇంజన్ ఒకసారి దగ్గినట్టు చేస్తే చోక్ తీసి మళ్ళీ లాగాలి. ఎంత లాగినా రాక, పెట్రోల్ వాసన గుప్పుమంటోందంటే లోపల ఎక్కువైపోయిందన్నమాట. చోక్ పూర్తిగా తీసి, రేస్ పూర్తిగా పట్టి కొన్నిసార్లు లాగితే కక్కేస్తుంది. షెడ్డులో, గ్యారేజీలో తలుపు తెరిచే ఉందిగా అని స్టార్ట్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి వచ్చేసరికే ఆలస్యం అయిపోవచ్చు.

ఊదడంలో కొత్తవాళ్ళు చేసేది ఒక్కటే తప్పు, ఫుల్ రేస్. ఎండాకుకి సగం రేస్ చాలు, ఫుల్ ఇస్తే ఆకులతో పాటు మట్టి కూడా లేచి మీ ముక్కులోకే వస్తుంది. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మూతిని నేలకి దగ్గరగా ఉంచి, చీపురు ఊపినట్టే పక్కలకి ఊపుతూ ముందుకే నడవండి. వెనక్కి నడిస్తే కాలికి ఏం తగులుతుందో తెలియదు. దుమ్ము ఎక్కువుంటే ముందు కాసిని నీళ్ళు చిలకరించండి, ఆకులు తడిసి నేలకి అతుక్కునేంత వద్దు. నిచ్చెన ఎక్కి మాత్రం ఊదొద్దు. గాలి మిమ్మల్ని కూడా వెనక్కి తోస్తుంది.

వీపుకి తగిలించుకునే మిషన్ అయితే పట్టీల బకిల్స్ కళ్ళు మూసుకుని విప్పడం ముందే అలవాటు చేసుకోండి, నిప్పంటుకుంటే వెతుక్కునే టైముండదు. వేళ్ళు తిమ్మిరెక్కినా, తెల్లబడినా ఆపేసి చేతులు వెచ్చబరుచుకోండి. అదురు ఎక్కువైతే వేళ్ళ రక్తనాళాలు దెబ్బతింటాయి.

గాలి తగ్గితే వెనక జల్లెడకి ఆకులు అతుక్కుని ఉంటాయి. స్విచ్ ఆపగానే చేయి పెట్టకండి, ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాక, ఇంజన్ చల్లబడ్డాక, ప్లగ్ క్యాప్ పీకి అప్పుడు తీయండి. చిన్న పనే కదా అని నేను కూడా ఈ క్యాప్ పీకడం ఎన్నోసార్లు ఎగ్గొట్టాను, ఇప్పుడు లేదు.

పని అయ్యాక మిషన్‌ని ఉత్త గచ్చు మీద పెట్టి, చల్లారాకే లోపల పెట్టాలి. గ్యాస్ గీజర్‌కీ పొయ్యికీ దూరంగా ఉంచండి. నెలకి మించి వాడకపోతే ట్యాంకులోది తిరిగి క్యాన్‌లోకి ఒంపేసి, మిషన్‌ని బయటే స్టార్ట్ చేసి వదిలేయండి. కార్బురేటర్‌లో మిగిలిన చుక్కలు అయిపోయేదాకా నడిచి, నాలుగు దగ్గులు దగ్గి అదే ఆగిపోతుంది.