కోల్‌కతా చైనా పేటలను ఒక ఆదివారం చూడవలసిన తీరు

కోల్‌కతాలో చైనా పేటలు రెండున్నాయి. లాల్‌బజార్ పోలీసు ప్రధాన కార్యాలయానికి దగ్గరలోని టిరెట్టా బజార్ పాతది. నగరానికి తూర్పున తోళ్ల పరిశ్రమతో పాటు పెరిగిన టాంగ్రా ఆ తరువాతది. రెండింటినీ ఒకే రోజు చూడదలచినవారు టిరెట్టాతో మొదలుపెట్టి మధ్యాహ్న భోజనానికి టాంగ్రా చేరాలి. టిరెట్టాలో ఉపాహారపు సంత తెల్లవారుతూనే మొదలై ఎనిమిది దాటేసరికి దాదాపు సర్దుకుంటుంది కాబట్టి, ఈ వరుస తప్పితే ఆ పూట శ్రమంతా వృథా.

సెంట్రల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరమే అయినా, ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది కనుక టాక్సీలో వెళ్లి పొద్దార్ కోర్ట్ దగ్గర దిగడం మేలు. ఆ పక్కనే సన్ యాట్ సేన్ వీధిలో బల్లలపై ఆవిరి పాత్రలు పెట్టుకుని అమ్ముతుంటారు. చైనా కుటుంబాలు స్వయంగా నడిపే బల్లలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. ఎక్కడ బడితే అక్కడ దొరికే మోమోలతో కడుపు నింపుకోకుండా, ముందు ఆ బల్లలను వెతుక్కుని, చేప ఉండల సూపు, పంది మాంసం కూరి ఆవిరిపై ఉడికించిన బన్ను (బావ్), సాసేజ్‌లు రుచి చూడాలని నా సలహా. శాకాహారులకు ఇక్కడ దొరికేది స్వల్పం. ఏది కొన్నా లోపలేముందో అడిగి తీసుకోవాలి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకుంటే పని సులువవుతుంది.

తిన్న తరువాత గుడులకు నడవాలి. బోర్డులపై చర్చి అని ఉంటుంది గాని ఇవి చైనీయుల ఆలయాలే. ఛాతావాలా గల్లీలోని సీ ఇప్‌లో కొలువున్నది కరుణాదేవత గ్వాన్ యిన్. బ్లాక్‌బర్న్ లేన్‌లోని తూంగ్ ఆన్ ఆలయంలో కొలువున్నది యుద్ధదేవత గ్వాన్ దీ. ఒకప్పుడు నగరమంతా పేరు మోసిన నాన్‌కింగ్ రెస్టారెంటు నడిచింది ఈ భవనపు కింది అంతస్తులోనే. ఒకే గుడికి సమయముంటే నేను సీ ఇప్‌నే ఎంచుకుంటాను. లోపల పూజ జరుగుతుంటే ఫొటోలకు ముందు అనుమతి అడగడం మర్యాద.

వీధుల్లో మూతపడిన తలుపులు చాలానే కనిపిస్తాయి. 1962లో చైనాతో యుద్ధ కాలంలో భారతీయ చైనీయులు ఎందరినో రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు; ఆ తరువాత కెనడా వంటి దేశాలకు తరలిపోయిన కుటుంబాలెన్నో. ఇది తెలిసి నడిస్తే ఇళ్లలోకి తొంగిచూసి కెమెరా ఎక్కుపెట్టాలనిపించదు.

టాంగ్రాలో చైనీయుల్లో ఒక వర్గమైన హక్కా కుటుంబాలు నడిపిన తోళ్ల కర్మాగారాలు న్యాయస్థానపు ఆదేశాలతో చాలావరకు నగరం వెలుపలి బంతలాకు తరలిపోగా, పేట ఇప్పుడు రెస్టారెంట్లతో బతుకుతోంది. భోజనానికి ముందు ఇక్కడి చైనీయ కాళీ ఆలయాన్ని చూడాలి; నూడుల్స్ నైవేద్యంగా పెట్టే కాళీ గుడి మరెక్కడా నా కంటబడలేదు. రెస్టారెంట్లలో వడ్డించే పరిమాణం పెద్దది. నలుగురు కలిసి వెళితే, తలకొక ప్లేటు కాకుండా, మిరపకాయ చికెన్, ఒక చేప వంటకం, హక్కా నూడుల్స్ చెప్పి పంచుకోవడం సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలతో కిక్కిరిసిపోతాయి గనుక పన్నెండున్నరలోపే కూర్చోవాలి.