మామిడి చెట్టుకు పట్టిన బదనికను తీసేయడం ఎలా?

కాయ కోతలు ముగిశాక మా కోనసీమ తోటల్లో ఏటా ఒకటే తంతు. మనిషి చెట్టెక్కుతాడు, బదనిక (చెట్టు కొమ్మ మీదే మొలిచి, దానిలోకి వేరు దించి బతికే మొక్క) గుబురును మొదట్లో ఒక్క వేటుతో నరికి కింద పడేస్తాడు, చెట్టు శుభ్రమైందని రైతు సంతోషిస్తాడు. వానాకాలం దాటేసరికి సరిగ్గా ఆ చోటే రెండు మూడు కొత్త పిలకలు లేస్తాయి. రైతు మళ్లీ కూలి పెడతాడు. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, చేయిస్తున్నాను. గుబురును నరికితే బదనిక పోదు. అది దిగిన కొమ్మను, దిగిన చోటుకు బాగా కిందికి కోస్తేనే పోతుంది.

బదనిక ఆకులు పచ్చగా ఉంటాయి కాబట్టి తన ఆహారం చాలావరకు తానే తయారు చేసుకుంటుంది. నీరు, లవణాలు మాత్రం మామిడి నుంచి లాగుతుంది. అందుకోసం దాని వేరు బెరడును చీల్చుకుని కొయ్యలోకి దిగుతుంది. వేరు దిగిన చోట కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది, అక్కడి నుంచి చివరిదాకా కొమ్మ సన్నబడి, ఆకు రాలి, చివరికి ఎండిపోతుంది. ఆ బుడిపె దగ్గర కొయ్యకు బలం ఉండదు. 1996 నవంబరు తుపాను మర్నాడు మా తోటలో విరిగిపడిన కొమ్మలను చూస్తే చాలావాటికి విరుపు బుడిపె దగ్గరే ఉంది. బదనికను నేను పట్టుదలగా కోయడం మొదలుపెట్టింది ఆ ఏడాది నుంచే.

గుర్తుపట్టడం

ఆకు నలిపి చూడండి. మామిడాకు నలిపితే మామిడి వాసన వస్తుంది, బదనిక ఆకుకు ఆ వాసన ఉండదు. బదనిక ఆకు దళసరిగా, కొంచెం బూడిద రంగు కలిసిన పచ్చగా ఉంటుంది. చలికాలంలో నారింజ ఎరుపు రంగులో గొట్టాల్లాంటి పూలు పూస్తుంది, వాటి చుట్టూ తేనెపిట్టలు తిరుగుతుంటాయి. మామిడి ఏడాది పొడవునా ఆకుతోనే ఉంటుంది కనుక మిగతా కాలంలో కింద నుంచి చూస్తే బదనిక కనబడదు. పూసినప్పుడే తోటంతా తిరిగి, బదనిక ఉన్న ప్రతి చెట్టు మొదలుకూ ఒక గుడ్డపీలిక కట్టాలి. ఈ పని ఎవరికీ అప్పజెప్పకండి, మీరే తిరగండి.

పనిముట్లు

పదునైన చేతి రంపం, సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర), దోటి చివర కట్టిన చిన్న రంపం, ఉలి, నిచ్చెన, మోకు ఉంటే సరిపోతుంది. గొడ్డలి వద్దు. గొడ్డలి వేటుకు కొయ్య చీలుతుంది, ఆ చీలికలో నీరు నిలిచి కుళ్లు పడుతుంది. కొమ్మల దగ్గరలో కరెంటు తీగ ఉంటే లైను ఆపించకుండా నిచ్చెన వేయవద్దు.

ఎప్పుడు

ఈ పని రెండు విడతల్లో చేయాలి. మామిడికి పిందె పడిన తర్వాత, బదనిక కాయలు పండకముందే, గుబుర్లను చేత్తో విరిచేయాలి. దీంతో బదనిక చావదు, కానీ ఆ ఏడాది దాని విత్తనం మోసే పిట్టలకు పండు దొరకదు. అసలు కోత మామిడి కాయ దిగిన వెంటనే. వానలు ముదిరేదాకా ఆగితే గాయాలు ఆరవు. నేను ఉదయం పూటే కోయిస్తాను, మధ్యాహ్నానికి మందు పూత ముగియాలి.

కోత

అందరూ తప్పు చేసేది ఇక్కడే. తొందరపడకండి.

చెట్టెక్కగానే రంపం తీయవద్దు. ముందు గుబురు మొదలు పట్టుకుని, అక్కడి నుంచి కొమ్మ వెంట రెండు వైపులా వేలితో తడుముతూ వెళ్లండి. బదనికకు కొయ్యలోకి దిగే వేరు ఒక్కటే కాదు, బెరడు మీద పాకే వేర్లు కూడా ఉంటాయి. తాడు పరిచినట్టు కొమ్మను అంటిపెట్టుకుని సాగుతూ, మధ్యమధ్య మళ్లీ కొయ్యలోకి దిగుతాయి. ఒక్కోసారి ఇవి మాను వైపు కూడా పాకుతాయి. మామిడి బెరడు రంగులో కలిసిపోతాయి కనుక కంటికి ఆనవు, వేలికి మాత్రం తెలుస్తాయి. చాలామంది కొమ్మను కోస్తారు గానీ ఈ పాకుడు వేరు మధ్యలో కోస్తారు. మిగిలిన ముక్క చెట్టు మీదే బతికి మళ్లీ పిలక వేస్తుంది. అంత కష్టపడి కొమ్మ పోగొట్టుకున్నా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

మాను వైపు చివరిగా వేరు దిగిన చోటు ఎక్కడో తేల్చుకోండి. అనుమానం ఉంటే బెరడును గోటితో కొద్దిగా గీకి చూడండి. ఆ చివరి చోటు నుంచి మాను వైపు ఒక మూర వదిలి కోయాలి. గుబురు నుంచి మూర కాదు, చివరి వేరు నుంచి మూర. అడుగు చాలని చెప్పేవారున్నారు. సన్న కొమ్మకు అడుగు చాలవచ్చు, నేను మాత్రం ఏ కొమ్మకైనా మూరకు తగ్గను. బెరడు కింద కొయ్యలో అది ఎంత దూరం వెళ్లిందో పై నుంచి చూస్తే తెలియదు. ఎలాగూ ఆ కొమ్మ నాలుగు కాయలు కూడా కాయదు, దానిమీద మమకారం పెట్టుకుని అరమూరకే ఆగిపోకండి.

మూర లెక్క కొమ్మ మొదలు దాకా వస్తే కొమ్మను పూర్తిగా తీసేయాలి. అప్పుడు కూడా మానును రాసుకుంటూ కోయకూడదు. కొమ్మ మానులో కలిసే చోట ఉంగరంలా ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బును మానుకే వదిలి, దాని అంచున కోస్తే గాయం చుట్టూ బెరడు పెరిగి మూసుకుంటుంది. బరువైన కొమ్మను ఒకే కోతలో దించవద్దు. ముందు ఉబ్బుకు జానెడు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు లోతు కోయండి. తర్వాత ఇంకాస్త బయటగా పై నుంచి కోసి కొమ్మను దించండి, మోకు కట్టి దించడం మేలు. మిగిలిన మోడును చివరిగా ఉబ్బు అంచున కోయండి. కింది కోత వేయకపోతే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును జానెడు మేర ఒలుచుకుపోతుంది.

కోసిన ముక్క చివరను తప్పక చూడండి. కొయ్య అంతా ఒకే రంగులో ఉంటే సరే. మధ్యలో వేరే రంగు మేకులు దిగినట్టు కనిపిస్తే బదనిక ఇంకా లోపలే ఉంది, మరో జానెడు కిందికి కోయాలి. వేటగాడు అడుగుజాడ చూసినట్టు చూడాలి ఆ కోతను.

బదనిక మాను మీదే పడితే కొమ్మలా కోయలేం. పాకుడు వేర్లన్నీ ఉలితో లేపి తీసేసి, దిగిన చోటును కొయ్య దాకా శుభ్రం చేసి మందు పూయాలి. లోపల కొంత మిగులుతుంది. రెండు మూడు నెలలకోసారి వచ్చే పిలకలను విరుస్తూ ఉంటే అది పూత, కాయ పట్టదు, నీరసించిపోతుంది. మాను చుట్టూ ఉలితో వలయంలా మాత్రం చెక్కకండి, చెట్టే పోతుంది.

మందు పూత

కోసిన ప్రతి గాయానికీ అదే రోజు బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తాన్ని 5 లీటర్ల నీటిలో, కిలో సున్నాన్ని విడిగా మరో 5 లీటర్లలో కలిపి, రెండింటినీ చేర్చి బాగా తిప్పాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి. కలిపాక ఇనుప కత్తి ముంచి చూడండి. ఎర్రటి రాగి పూత అంటితే ఇంకాస్త సున్నం పడాలి. కలిపిన పేస్టు ఆ రోజుకే.

కలుపు మందును బదనిక మీద కొట్టమనే సలహా వింటుంటాను. నేను ససేమిరా ఒప్పుకోను. బదనిక మామిడితో నాళాల దగ్గరే కలిసి ఉంది, ఆ మందు ఎటు వెళ్తుందో మన చేతిలో లేదు. ఆకు రాల్చే మందులు కొడితే ఆకు రాలుతుంది, వేరు మళ్లీ చిగురిస్తుంది. హిమాలయాల్లో పైన్ చెట్లకు పట్టే మరుగుజ్జు బదనిక కథ చదివి, మన బదనికా అలాగే పాకుతుందనుకునేవారూ ఉన్నారు. దాని కాయ ఒత్తిడితో పేలి విత్తనాన్ని దూరంగా విసురుతుంది, అందుకే పక్క చెట్టుకు పాకుతుంది. మన బదనికకు వాహనం పిట్ట. బొటనవేలంత పిట్ట పండు తిని, జిగురు విత్తనాన్ని కొమ్మకు అంటిస్తుంది. ఒంటరి చెట్టుకూ బదనిక రావడానికి కారణం అదే.

కోసిన తర్వాత

ఆకును మేకలకు వేయవచ్చు, ఇష్టంగా తింటాయి. పండ్లున్న గుబుర్లను గట్టు మీద వదలకుండా గోతిలో పూడ్చండి. మంచిదని ఒక గుబురును చెట్టున అట్టే పెట్టుకునే ఇళ్లున్నాయి. ఆ ఒక్క గుబురు చాలు వీధి మొత్తానికి. అడవిలో బదనికను నేను ముట్టను, దాని ఆకు తిని బతికే సీతాకోకచిలుకలున్నాయి, అక్కడ దానికి చోటుంది.

కొబ్బరి మీద బదనికను నేనెన్నడూ చూడలేదు. గట్టు మీది వేప, సపోటా, కాలువ ఒడ్డు నిద్రగన్నేరు మీద మాత్రం చూశాను. పక్క రైతును కలుపుకుని అందరూ అదే వారంలో కోయాలి. కోసిన చెట్టును తర్వాత మూడేళ్లు పూత కాలంలో చుట్టూ తిరిగి చూడండి. కొత్తగా మొలిచింది తొలి ఏడాది నాలుగు ఆకులతో సన్న కొమ్మ మీదే ఉంటుంది, అప్పుడు సికేచర్ చాలు.