ఇంట్లోనే కారు థర్మోస్టాట్ మార్చుకోవడం

మే నెల ఎండలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నా కారు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు చేరింది. ఇంజన్ కాగుతున్నా రేడియేటర్ కింది గొట్టం చల్లగా ఉంది. ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను (చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ మీదే అనుమానం వచ్చి, రాణీగంజ్‌లో కొత్తది, అతుకు కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్‌తో సహా కొన్నాను.

బిగించే ముందు దాన్ని నీళ్ల గిన్నెలో వేలాడదీసి మరిగించండి. మీద 82 అని ఉంటే దాదాపు ఆ డిగ్రీల దగ్గర మెల్లగా నోరు తెరుస్తుంది. విప్పాక పాతదాన్నీ వేశాను. నీళ్లు తెర్లుతున్నా బిగుసుకునే ఉంది! ఈ పరీక్ష మాత్రం మానకండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. నేను రాత్రంతా వదిలేశాను. కూలెంట్ బకెట్‌లోకి దింపి, థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ బోల్టులు విప్పండి. పాత గ్యాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ ముక్కతో గీకండి. అల్యూమినియం మీద గాటు పడితే కారుతుంది. కొత్తది పెట్టేటప్పుడు స్ప్రింగ్ ఇంజన్ వైపు, చిన్న గాలి రంధ్రం పైకి ఉండాలి. బోల్టులు అటొకటి ఇటొకటి కొద్దికొద్దిగా బిగించండి.

కారుకు చెప్పిన కూలెంట్ పోసి, హీటర్ పెట్టి, చల్లటి ఇంజన్‌ను మూత తీసే స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా నింపండి. పాత కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. మా గల్లీ కుక్కలు నాకకుండా బకెట్‌కు వెంటనే మూత పెట్టాను.